ఇంటి కంప్యూటర్‌కు యూఎస్‌బీ హబ్ ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హబ్ అంటే కంప్యూటర్ మీది ఒక్క యూఎస్‌బీ పోర్టును నాలుగో ఏడో పోర్టులుగా చేసే చిన్న పెట్టె. దాన్ని కొనడానికి వెళితే దుకాణంలో మొదట వినిపించే మాట "ఎన్ని పోర్టులది కావాలి?" అని. నా అనుభవంలో అది రెండో ప్రశ్న. ఆ పోర్టులకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్నది మొదటి ప్రశ్న. బంధువులూ స్నేహితులూ "హబ్ పాడైంది, చూడండి" అని నా చేతిలో పెట్టినవాటిలో చాలావరకు పాడైనవి కావు, కరెంటు చాలనివి. అందుకే కింది సమాధానాల్లో కరెంటు మాట పదేపదే వస్తుంది.

అసలు మాకు హబ్ అవసరమో కాదో ఎలా తెలుస్తుంది?

కొనేముందు రెండు చోట్ల చూడండి. మొదటిది కంప్యూటర్ వెనక భాగం. డెస్క్‌టాప్‌కు వెనక వైపు మదర్‌బోర్డుకే అతికి ఉన్న పోర్టులు సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉంటాయి. బల్ల గోడకు ఆనించి ఉండడంతో చాలా ఇళ్లలో అవి దుమ్ము పట్టి ఖాళీగా ఉంటాయి. ముందున్న రెండు పోర్టుల కోసమే ఇంట్లో అందరూ పోటీ పడుతుంటారు. అక్కడ కావలసింది హబ్ కాదు, ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్.

రెండోది మానిటర్. కొన్ని మానిటర్ల వెనక యూఎస్‌బీ పోర్టులు ఉంటాయి, అంటే లోపలే ఒక హబ్ ఉన్నట్టు. మానిటర్ నుంచి కంప్యూటర్‌కు వేరే యూఎస్‌బీ కేబుల్ కలిపితేనే అది పని చేస్తుంది. ఆ కేబుల్ అట్టపెట్టెలోనే ఉండిపోయి, పెట్టె అటక మీదికి చేరిన ఇళ్లు నేను చూశాను. ముందు అటక దించండి.

డెస్క్‌టాప్ లోపల పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు (అదనపు కార్డు బిగించే గాడి) ఖాళీగా ఉంటే నాలుగు పోర్టుల కార్డు బిగించుకోవడం మరో మార్గం. క్యాబినెట్ విప్పడానికి భయం లేనివారికి హబ్ కంటే కార్డే మేలంటాను. బల్ల మీద వైర్ల చిక్కు తగ్గుతుంది, పోర్టులూ గట్టిగా ఉంటాయి. ల్యాప్‌టాప్ వాడేవారికి ఆ వీలు లేదు, వారికి హబ్ తప్పదు.

ఒక్క పోర్టు నాలుగు పోర్టులు ఎలా అవుతుంది? లోపల ఏముంటుంది?

గోరంత చిన్న చిప్ ఒకటి. కంప్యూటర్ ఒక్కో వస్తువును వరుసగా పలకరిస్తుంది, హబ్ ఆ పలకరింపును సరైన పోర్టుకు చేరవేస్తుంది. కంప్యూటర్ వైపు దారి మాత్రం ఒక్కటే. నాలుగు పోర్టులు వచ్చాయంటే నాలుగు రెట్ల వేగమూ నాలుగు రెట్ల కరెంటూ వచ్చాయని కాదు, ఉన్నదాన్నే నలుగురు పంచుకుంటున్నారు.

ఏడు పోర్టుల హబ్ విప్పి చూస్తే చాలాసార్లు లోపల రెండు నాలుగు పోర్టుల చిప్‌లు కనిపిస్తాయి. మొదటి చిప్‌లోని ఒక పోర్టుకు రెండో చిప్ తగిలించి ఉంటుంది. మిగిలినవి మూడు, రెండోదానివి నాలుగు, మొత్తం ఏడు. పది పోర్టులదైతే అలాంటివి మూడు. ఏడు, పది అనే అంకెలే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

అడాప్టర్ ఉన్న హబ్‌కూ లేని హబ్‌కూ తేడా ఏమిటి? రెట్టింపు ధర పెట్టడం అవసరమా?

ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

అడాప్టర్ ఉన్న హబ్ గోడ ప్లగ్గు నుంచి సొంతంగా కరెంటు తెచ్చుకుంటుంది. అడాప్టర్ లేని హబ్ తనకూ, తన మీద ఆధారపడిన అన్నిటికీ కావలసిన కరెంటు కంప్యూటర్ పోర్టు నుంచే తీసుకుంటుంది. పాత తరం యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇవ్వవలసింది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీఆంపియర్లు (వెయ్యి మిల్లీఆంపియర్లు ఒక ఆంపియరు). దాని తరవాతి తరం 3.0 పోర్టు ఇవ్వవలసింది 900. యూఎస్‌బీ 2.0 నిబంధన రాసినవారు ఆ 500ను అయిదు భాగాలు చేశారు. వంద హబ్‌కు, నాలుగు వందలు నాలుగు పోర్టులకు. అంటే పోర్టుకు వంద. కీబోర్డుకూ మౌస్‌కూ అది ధారాళంగా సరిపోతుంది, హార్డ్ డిస్క్‌కు ఏ మూలకూ చాలదు.

చవక హబ్‌లు ఈ పంపకాన్ని పాటించవు. వచ్చిన కరెంటును నాలుగు పోర్టులకూ కలిపి వదిలేస్తాయి, ఎవరికి దొరికింది వారిది. వీధి కుళాయి లైనుకు ఒక ఇంటివారు మోటారు వేస్తే పక్క ఇళ్లలో ధార సన్నబడుతుంది కదా, ఇక్కడా అదే జరుగుతుంది. హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టిన క్షణాన వెబ్‌క్యామ్ ఆగిపోతుంది. మనం వెబ్‌క్యామ్‌ను అనుమానిస్తాం.

నా దగ్గర యూఎస్‌బీ వోల్టేజీ చూపించే చిన్న మీటరు ఒకటి ఉంది, పెన్ డ్రైవ్ అంత ఉంటుంది. మా ఇంట్లోని అడాప్టర్ లేని హబ్‌కు దాన్ని పెట్టి చూశాను. ఏమీ తగిలించనప్పుడు 5.1 వోల్టులు. కీబోర్డు, మౌస్ పెట్టినా పెద్దగా కదలలేదు. పాత పోర్టబుల్ హార్డ్ డిస్క్ తగిలించగానే 4.5కు పడి, డిస్క్ తిరగడం అందుకున్నాక 4.8 దగ్గర నిలబడింది. ఆ రెండు మూడు సెకన్లలోనే మౌస్ లైటు ఒకసారి ఆరి వెలిగింది. ఆ రెప్పపాటు లైటును కంటితో చూసిన తరవాత అడాప్టర్ హబ్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం నాకు బాధ అనిపించలేదు.

అందుకని నా సలహా ఇది. కీబోర్డు, మౌస్, పెన్ డ్రైవ్, డిజిటల్ సంతకం టోకెన్ లాంటివే మీ సామాను అయితే అడాప్టర్ లేనిది చాలు, డబ్బు వృథా చేయకండి. హార్డ్ డిస్క్, వెబ్‌క్యామ్, మైకు, యూఎస్‌బీ స్పీకర్లు, వీటిలో ఏ రెండు ఉన్నా అడాప్టర్ ఉన్నదే తీసుకోండి.

మా ఇంటి సామానుకు ఎంత కరెంటు కావాలో లెక్క ఎలా వేయాలి?

కాగితం తీసుకుని ఒక్కో వస్తువు పేరూ, దాని అడుగున చిన్న అక్షరాలతో ముద్రించిన మిల్లీఆంపియర్ల అంకెనూ రాయండి. అంకె దొరకకపోతే స్థూలంగా ఇలా వేసుకోవచ్చు. కీబోర్డు, మౌస్ చెరి వంద. రంగు దీపాల కీబోర్డు అయితే నాలుగు వందల దాకా. వెబ్‌క్యామ్ రెండు వందల నుంచి అయిదు వందలు. పెన్ డ్రైవ్ వంద నుంచి మూడు వందలు. పోర్టబుల్ హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు తొమ్మిది వందల దాకా. ప్రింటర్‌కు సొంత ప్లగ్గు ఉంటుంది కాబట్టి దాదాపు సున్నా.

ఉదాహరణకు ఆన్‌లైన్ క్లాసులు వినే పిల్లలున్న ఇల్లు. కీబోర్డు 100, మౌస్ 100, వెబ్‌క్యామ్ 300, హెడ్‌సెట్ 100, హబ్ తనకు తాను మరో 100. మొత్తం 700. నీలి రంగు 3.0 పోర్టుకు తగిలిస్తే గట్టెక్కుతుంది, పాత 2.0 పోర్టుకు తగిలిస్తే గట్టెక్కదు. దీనికి నాన్నగారి బ్యాకప్ డిస్క్ తోడైతే 1600. ఏ మామూలు పోర్టూ అంత ఇవ్వదు. ఒకే హబ్ పక్కింట్లో బాగా పని చేసి మీ ఇంట్లో మొరాయించడానికి ఈ కూడికే కారణం.

హబ్‌కు పెట్టినప్పుడు హార్డ్ డిస్క్ టిక్ టిక్ అంటోంది. పోయినట్టేనా?

వెంటనే తీసేసి కంప్యూటర్ వెనక పోర్టుకు నేరుగా పెట్టండి. అక్కడ చప్పుడు ఆగి ఫైళ్లు కనిపిస్తే డిస్క్ క్షేమం. డిస్క్ లోపలి పళ్లెం తిరగడానికి కరెంటు చాలక, మొదలై ఆగి, మళ్లీ మొదలవుతూ చేసిన చప్పుడు అది. నేరుగా పెట్టినా అదే చప్పుడు వస్తే మాత్రం డిస్క్‌లోనే లోపం ఉండవచ్చు. ఇంకో ప్రయోగం చేయకుండా డేటా రికవరీ చేసేవారి దగ్గరికి తీసుకెళ్లండి. కరెంటు చాలని హబ్ మీద పదే పదే ప్రయత్నించడం డిస్క్‌కు మంచిది కాదు, ఫైళ్లకు అసలే మంచిది కాదు.

అడాప్టర్ ఎన్ని ఆంపియర్లది ఉండాలి?

పెట్టె మీద ఏడు పోర్టులు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, అడాప్టర్ మీద 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని చిన్న అక్షరాలతో ఉంటుంది. ఏడు 3.0 పోర్టులకు నిండుగా 900 చొప్పున ఇవ్వాలంటే 6.3 ఆంపియర్లు, అంటే 31 వాట్ల పైచిలుకు కావాలి. 2 ఆంపియర్లు అందులో మూడో వంతు కూడా కాదు. అన్ని పోర్టులూ ఒకేసారి నిండుగా వాడే ఇల్లు అరుదు కాబట్టి, నాలుగు పోర్టులకు 5 వోల్టుల 3 ఆంపియర్లు, ఏడు పోర్టులకు 4 ఆంపియర్లు ఉంటే నేను తృప్తి పడతాను. కొన్ని హబ్‌లకు 12 వోల్టుల అడాప్టర్ వస్తుంది. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అంటే 24 వాట్లు, హబ్ లోపల దాన్ని 5 వోల్టులకు తగ్గించుకుంటుంది. ఆంపియర్లను కాకుండా వోల్టులతో గుణించి వాట్లను పోల్చండి.

హబ్ అడాప్టర్ పోయింది. ఇంట్లో ఉన్న వైఫై రూటర్ అడాప్టర్ మొన సరిపోయింది. పెట్టవచ్చా?

మొన సరిపోవడం ఏమీ రుజువు చేయదు. రూటర్ అడాప్టర్లు ఎక్కువగా 12 వోల్టులవి. 5 వోల్టుల హబ్‌కు దాన్ని తగిలిస్తే హబ్ మాడిపోతుంది, దురదృష్టం బాగుంటే దానికి తగిలించిన వస్తువులూ పోతాయి. మా ఇంట్లో ఇది జరిగింది. ఇల్లు సర్దిన రోజు రెండు నల్లటి అడాప్టర్లు తారుమారయ్యాయి. కాలిన వాసన వచ్చేసరికి హబ్‌తో పాటు అందులో ఉన్న పెన్ డ్రైవ్ కూడా పోయింది. దానిలో మా అక్కయ్య కూతురి ఓణీల ఫంక్షన్ వీడియో ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రతి అడాప్టర్ తీగకూ తెల్ల టేపు చుట్టి దేనిదో, ఎన్ని వోల్టులో రాసి ఉంటుంది. మీరూ ఈ పని ఇవాళే చేయండి. కొత్త అడాప్టర్ కొనవలసి వస్తే వోల్టులు సరిగ్గా అదే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండవచ్చు, మొన లోపలి వైపు ప్లస్సా మైనస్సా అని చూపించే గుర్తు హబ్ మీదా అడాప్టర్ మీదా ఒకేలా ఉండాలి.

కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటుంది, కానీ హార్డ్ డిస్క్ మాయమవుతుంది. ఎందుకు?

హబ్ అడాప్టర్ యూపీఎస్‌లో కాకుండా గోడ ప్లగ్గులో ఉంది కాబట్టి. మన ఇళ్లలో చాలా తరచుగా జరిగే పొరపాటు ఇది. యూపీఎస్ వెనక ఉండేవి మూడో నాలుగో సాకెట్లు. ఒకటి సీపీయూకు, ఒకటి మానిటర్‌కు, ఒకటి రూటర్‌కు పోతాయి. హబ్ అడాప్టర్ చిన్నది కదా అని పక్కన ఉన్న స్విచ్‌బోర్డులో పెడతాం. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతుంది. కంప్యూటర్‌కు ఏమీ కాదు. హబ్ మాత్రం అడాప్టర్ కరెంటు కోల్పోయి, కంప్యూటర్ పోర్టు ఇచ్చే కొద్దిపాటి కరెంటు మీదికి మారుతుంది లేదా పూర్తిగా ఆగిపోతుంది. ఆ సమయంలో పెళ్లి ఫోటోలు డిస్క్‌లోకి కాపీ అవుతుంటే మధ్యలో తెగిపోతుంది. సగం రాసిన ఫైలు చెడితే ఒక్క ఫోటోతో పోతుంది. ఫైళ్ల పట్టిక చెడితే డిస్క్ మొత్తం "ఫార్మాట్ చేయాలి" అని అడుగుతుంది.

హబ్ అడాప్టర్‌కు యూపీఎస్‌లో చోటివ్వండి. సాకెట్లు చాలకపోతే మానిటర్‌ను బయటికి మార్చండి. మానిటర్ ఆరితే చూడలేకపోతాం, అంతే. డిస్క్ ఆగితే పోగొట్టుకుంటాం. ఇల్లంతా ఇన్వర్టర్ మీద ఉన్నవారు దాని మీద యూపీఎస్ అని రాసి ఉన్న మీట ఉందేమో చూడండి. ఆ వైపు పెడితే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారే వ్యవధి తగ్గుతుంది. రెండో వైపు ఉంటే ఫ్యాన్లకూ దీపాలకూ తేడా తెలియదు గానీ, చిన్న అడాప్టర్లు ఆ క్షణకాలంలో తడబడవచ్చు.

కంప్యూటర్ పూర్తిగా ఆపినా క్యాబినెట్ మీద లైటు వెలుగుతోంది. హబ్ తీస్తే ఆరిపోతోంది. ప్రమాదమా?

అది మంచి హబ్ కాదు. అడాప్టర్ కరెంటు వస్తువుల వైపే పోవాలి, కేబుల్ గుండా వెనక్కి కంప్యూటర్‌లోకి పోకూడదు. దాన్ని ఆపే చిన్న భాగాన్ని డబ్బు మిగుల్చుకోవడానికి కొందరు తయారీదారులు వదిలేస్తారు. అప్పుడు ఆపేసిన మదర్‌బోర్డులోకి 5 వోల్టులు ఎదురు వెళతాయి. కొన్ని కంప్యూటర్లు దీనివల్ల సరిగ్గా ఆన్ కావు. కొన్నిటికి పోర్టే పాడయ్యే అవకాశం ఉంది. కొన్న రోజే పరీక్షించండి. కంప్యూటర్‌ను గోడ స్విచ్ దగ్గర ఆపి, హబ్ అడాప్టర్ మాత్రం ఆన్‌లో ఉంచి, క్యాబినెట్ మీద ఏ లైటైనా వెలుగుతుందేమో, ఫ్యాను కదులుతుందేమో చూడండి. వెలిగితే తిరిగి ఇచ్చేయండి.

3.0, 3.1, 3.2, జెన్ 1, జెన్ 2... ఏది కొనాలో అర్థం కావడం లేదు.

మీ తప్పు కాదు, పేర్లు పెట్టినవారి తప్పు. యూఎస్‌బీ 3.0 వచ్చింది 2008లో, సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో. 2013లో 3.1 వచ్చినప్పుడు పాత 5 గిగాబిట్లదానికే 3.1 జెన్ 1 అని పేరు మార్చారు. 2017లో 3.2 వచ్చాక అదే 3.2 జెన్ 1 అయింది. మూడు పేర్లూ ఒకే వేగానివి. జెన్ 2 అంటే 10 గిగాబిట్లు. జెన్ 2 బై 2 అంటే 20. పెట్టె మీద 3.2 అని మాత్రమే రాసి ఉంటే దాని అర్థం ఏదైనా కావచ్చు. 2022లో యూఎస్‌బీ సంస్థ ఈ గందరగోళం గుర్తించి, కొనేవారికి కనిపించే చోట వేగాన్నే ముద్రించమంది. మీరూ పేరు వదిలేసి వేగం అడగండి.

ఇంటికి 5 గిగాబిట్లు చాలు. తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు 100 నుంచి 150 మెగాబైట్ల (ఒక బైటు అంటే ఎనిమిది బిట్లు) దగ్గరే ఆగిపోతుంది, 5 గిగాబిట్ల దారి అసలు వేగంలో 400 మెగాబైట్లకు పైగా మోయగలదు. బయటి ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్క్) మీద వీడియోలు ఎడిట్ చేసేవారికి మాత్రం 10 గిగాబిట్ల హబ్ ఉపయోగం, అదీ కంప్యూటర్ పోర్టు కూడా అంతదైతేనే.

3.0 హబ్ కొన్నా వేగం పెరగలేదు. మోసపోయామా?

ముందు ఒక పరీక్ష. ఒక గిగాబైటు ఉన్న సినిమా ఫైలును హబ్ ద్వారా డిస్క్‌లోకి కాపీ చేస్తూ గడియారం చూడండి. పది సెకన్ల లోపు అయితే 3.0 వేగమే వస్తోంది. అరనిమిషం పడితే దారిలో ఎక్కడో 2.0 ఉంది. సెకనుకు 480 మెగాబిట్లు అని పేరే గానీ 2.0 మీద ఆచరణలో వచ్చేది 30, 40 మెగాబైట్లే.

ఆ 2.0 ఎక్కడుందో వెతకాలి. కంప్యూటర్ పోర్టు లోపలి నాలుక నలుపు, తెలుపు అయితే బహుశా అదే 2.0. నీలం అయితే 3.0. అందరు తయారీదారులూ ఈ రంగులు పాటించరు కాబట్టి పోర్టు లోపల తొంగి చూడండి. నాలుగు లోహపు పట్టీలతో పాటు వేరే వరసలో మరో అయిదు ఉంటే అది 3.0. తరవాత కేబుల్. ఫోన్ ఛార్జర్‌తో వచ్చిన టైప్-సి కేబుళ్లలో చాలావాటిలో 2.0 తీగలే ఉంటాయి. చివరికి పోర్టులో నెమ్మదిగా దూర్చడం కూడా కారణం కావచ్చు. మెల్లగా దూరిస్తే 2.0 పట్టీలు ముందు తగిలి, కొన్ని డిస్క్‌లు ఆ వేగంలోనే స్థిరపడిపోతాయి. తీసి ఒక్క ఊపున పెట్టి చూడండి.

తక్కువమందికి తెలిసిన సంగతి మరొకటి. 3.0 హబ్ లోపల నిజానికి రెండు హబ్‌లు పక్కపక్కన ఉంటాయి, ఒకటి 3.0ది, ఇంకొకటి 2.0ది. 2.0 వస్తువు పెడితే అది రెండోదాని దారినే పోతుంది. రెండు పాత వెబ్‌క్యామ్‌లను కొత్త 3.0 హబ్‌కు పెట్టినా ఆ రెండూ 480 మెగాబిట్ల ఒకే దారిని పంచుకోవలసిందే. ఒకటి పని చేస్తూ రెండోది నల్లగా కనిపిస్తే హబ్ మార్చి లాభం లేదు, రెండో కెమెరాను కంప్యూటర్ వేరే పోర్టుకు మార్చండి.

హబ్ పెట్టినప్పటి నుంచి వైర్‌లెస్ మౌస్ తడబడుతోంది.

3.0 దారిలో డేటా పరిగెత్తేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో రొద పుడుతుంది. వైర్‌లెస్ మౌస్, కీబోర్డు, బ్లూటూత్, పాత వైఫై అన్నీ మాట్లాడుకునేది అక్కడే. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద వివరంగా రాసింది. మౌస్ రిసీవర్‌ను డిస్క్ పక్క పోర్టులో పెడితే, పెద్ద స్పీకరు పక్కన నిలబడి గుసగుసలు వినడానికి ప్రయత్నించినట్టే. రిసీవర్‌ను అరమీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బల్ల మీదికి తెచ్చి మౌస్ దగ్గర పెట్టండి. లేదా కంప్యూటర్ మీద ఖాళీగా ఉన్న 2.0 పోర్టుకు మార్చండి. కొత్త మౌస్ కొనకండి.

ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ, నెట్‌వర్క్ కేబుల్, ఛార్జింగ్ అన్నీ ఉన్న టైప్-సి హబ్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. అయితే ముందు మీ ల్యాప్‌టాప్‌లోని టైప్-సి పోర్టు ఏం చేయగలదో తెలుసుకోండి. ఆకారం ఒక్కటే, లోపలి సామర్థ్యాలు వేరు. కొన్ని చవక ల్యాప్‌టాప్‌లలో అది డేటాకు మాత్రమే. అక్కడ హబ్ మీది హెచ్‌డీఎంఐ ఎప్పటికీ బొమ్మ చూపించదు, ఛార్జింగూ జరగదు. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ, మెరుపు బాణం (థండర్‌బోల్ట్ గుర్తు) గానీ ఉంటే బొమ్మ వస్తుంది. గుర్తు లేకపోతే తయారీదారు వెబ్‌సైటులో మోడల్ నంబరుతో వివరాలు చదవండి.

4కే మానిటర్ ఉన్నవారు హబ్ 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మారడం) ఇస్తుందా, 30 మాత్రమేనా అని చూడాలి. 30 దగ్గర మౌస్ బాణం కూడా గతుకుల రోడ్డు మీద బండిలా కదులుతుంది, రోజంతా చూడలేం. ఇక 100 వాట్లు అని రాసి ఉందంటే హబ్ అంత తీసుకోగలదని మాత్రమే. చాలా హబ్‌లు తమ కోసం 10, 15 వాట్లు అట్టిపెట్టుకుని మిగిలింది ల్యాప్‌టాప్‌కు ఇస్తాయి. మీ ఛార్జర్ 65 వాట్లదైతే ల్యాప్‌టాప్‌కు చేరేది 50 దగ్గర. రాతకోతలకు సరే, బరువైన పని చేస్తుంటే బ్యాటరీ మెల్లగా దిగుతుంది.

ఈ చిన్న హబ్‌లు వేడెక్కుతాయి. చెయ్యి పెట్టి ఉంచలేనంత కాలితే తప్ప కంగారు పడవలసిన పని లేదు. దుప్పటి మీద, దిండు కింద మాత్రం పెట్టకండి.

హబ్‌కు తగిలించకూడనివి ఏవి?

బ్యాకప్ జరుగుతున్నప్పుడు డిస్క్, విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్ డ్రైవ్, మదర్‌బోర్డు బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) మార్చే పెన్ డ్రైవ్. ఈ మూడూ కంప్యూటర్‌కు నేరుగా పెట్టండి. మధ్యలో తెగితే నష్టం పెద్దది. కీబోర్డు కూడా వీలైతే నేరుగానే ఉంచండి. జీఎస్‌టీ రిటర్నుల కోసం డిజిటల్ సంతకం టోకెన్ వాడేవారికి హబ్ మీద అది కనిపించకపోతే, డ్రైవర్లు (దాన్ని నడిపే ప్రోగ్రాములు) మళ్లీ వేసే ముందు ఒకసారి నేరుగా పెట్టి చూడండి. చివరి తేదీ సాయంత్రం ఆ ఒక్క ప్రయత్నం చాలా సమయం మిగులుస్తుంది.

ఒక హబ్‌కు ఇంకో హబ్ తగిలించవచ్చా?

వరసగా అయిదు హబ్‌ల దాకా, మొత్తం 127 వస్తువుల దాకా ప్రమాణం ఒప్పుకుంటుంది. ఆ 127లో హబ్‌లూ లెక్కే. పైన చెప్పిన ఏడు పోర్టుల హబ్ ఒక్కటే రెండింటికి సమానమని మరిచిపోకండి. యూఎస్‌బీ రూపశిల్పుల్లో ముఖ్యుడు, ఇంటెల్‌లో పని చేసిన అజయ్ భట్ వడోదరలో ఇంజినీరింగ్ చదివినవాడు. ఇంట్లోవాళ్లు కూడా తేలిగ్గా తగిలించుకోగలిగేలా కంప్యూటర్ ఉండాలన్న ఆలోచన నుంచి పుట్టిన ఏర్పాటు ఇది. కానీ అడాప్టర్ లేని హబ్‌కు అడాప్టర్ లేని హబ్ తగిలించడం సగం గ్లాసు నీళ్లను మళ్లీ సగం చేయడమే. తప్పనిసరైతే రెండోదైనా అడాప్టర్‌ది పెట్టండి.

హబ్ మీద ఫోను ఛార్జింగ్ పెట్టవచ్చా?

అవుతుంది, మెల్లగా. ఫోను ఛార్జర్ పక్కన ఉండగా హబ్ పోర్టును దానికి కేటాయించడం దండగ.

అమెరికాలో ఉన్న అబ్బాయి అడాప్టర్ హబ్ పంపించాడు. ఇక్కడ పెట్టవచ్చా?

అడాప్టర్ మీద ఇన్‌పుట్ అనే వరస చదవండి. 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే మన 230 వోల్టులకు నిక్షేపంగా పని చేస్తుంది, పిన్నులు మార్చే చిన్న ప్లగ్గు చాలు. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే ఎట్టి పరిస్థితిలోనూ గోడకు పెట్టవద్దు. అవే అవుట్‌పుట్ అంకెలున్న అడాప్టర్ ఇక్కడ కొనుక్కోండి, హబ్ వృథా కాదు.

దుకాణంలో చేతికి తీసుకున్నప్పుడు ఏం చూడాలి?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో గానీ, కోఠిలో గానీ, మీ ఊరి కంప్యూటర్ దుకాణంలో గానీ పెట్టె విప్పించి చూడండి. మొదట కేబుల్. హబ్‌కు శాశ్వతంగా అతికి ఉన్న కేబుల్ మెడ దగ్గర తెగితే హబ్ చెత్తబుట్టకే. ఊడదీసే కేబుల్ ఉన్నది మేలు. అందులోనూ ప్రింటర్‌కు ఉన్నట్టు చదరంగా ఉండే పెద్ద సాకెట్ చాలా గట్టిది. తరవాత పోర్టుల మధ్య ఎడం. లావు పెన్ డ్రైవ్ పెడితే పక్క పోర్టు మూసుకుపోతే నాలుగు పోర్టుల హబ్ మూడు పోర్టులదే. మీ పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లండి. హబ్ బరువు కూడా చూడండి. మరీ తేలికదైతే కేబుల్ బిగువుకే బల్ల మీద నుంచి జారిపోతుంది. అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. అవి లేని అడాప్టర్‌ను రాత్రంతా ప్లగ్గులో ఉంచడానికి నేను ఒప్పుకోను.

పోర్టుకో మీట ఉన్న హబ్‌లు నాకు ఇష్టం. వాడని వెబ్‌క్యామ్‌ను తీయకుండానే ఆపవచ్చు. చిన్న పిల్లలున్న ఇంట్లో మాత్రం వద్దు. లైటు వెలిగే మీట కనిపిస్తే నొక్కకుండా ఉండరు, ఆ క్షణాన డిస్క్‌లో ఏదైనా రాస్తూ ఉండవచ్చు.

కొత్త హబ్ మీద వస్తువులు గంటకోసారి వాటంతటవే మాయమై మళ్లీ వస్తున్నాయి.

వెనక్కి ఇచ్చేముందు విండోస్‌లో ఒక్కటి చూడండి. డివైస్ మేనేజర్ తెరిచి, చివర ఉన్న యూఎస్‌బీ జాబితాలో హబ్ పేరు మీద రెండుసార్లు నొక్కితే పవర్ మేనేజ్‌మెంట్ అనే భాగం ఉంటుంది. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అన్న గడిలో టిక్కు తీసేయండి. జాబితాలో హబ్ పేర్లు రెండు మూడు కనిపిస్తాయి, అన్నిటికీ తీయండి. ఒక రోజు వాడి చూడండి. అప్పటికీ మాయమవుతుంటే కేబుల్ మార్చి, ఇంకో పోర్టుకు పెట్టి, చివరిగా అడాప్టర్ ప్లగ్గు వదులుగా ఉందేమో చేత్తో కదిపి చూడండి. ఆ మూడూ అయ్యాక కూడా అదే జరిగితే బిల్లు తీసుకుని దుకాణానికి వెళ్లండి. మార్చుకోవడానికి వారం, పది రోజులకు మించి గడువు ఇవ్వని దుకాణాలు ఉన్నాయి కాబట్టి ఈ పరీక్షలన్నీ కొన్న మొదటి రెండు రోజుల్లోనే ముగించండి.